రెండో పేజీ ఎప్పుడొస్తుంది?

మొదటి పేజీ వస్తుంది. అసలు మోసమంతా అక్కడే ఉంది. గరగరమని రోలర్లు తిరిగి, వేడివేడిగా, అంచులు కాస్త వంకరపోయి, ఠక్కున ట్రేలో పడుతుంది. మనం పొంగిపోయి రెండోదాని కోసం చెయ్యి చాస్తాం. చెయ్యి అలాగే ఉండిపోతుంది. ప్రింటర్ ఉలకదు, పలకదు. ఆకుపచ్చ దీపం మాత్రం మిణుకుమిణుకుమంటుంది. కొన్నాళ్లుగా నా బతుకు ఆ దీపం ముందే తెల్లారుతోంది.

కంప్యూటర్‌ని అడిగితే ‘ప్రింటింగ్’ అంటుంది. విసుగెత్తి క్యాన్సిల్ కొడితే ‘డిలీటింగ్’ అంటుంది. ఆ డిలీటయ్యేలోపు మాత్రం ఇంకో రెండు పేజీలు చకచకా వచ్చేస్తాయి. వద్దంటేనే దానికి హుషారు.

కొన్నప్పుడు పెట్టె మీద నిమిషానికి డజను పైచిలుకు పేజీలని రాసుంది. అబద్ధమేం కాదు. అది కాగితం నడిచే వేగం. ఆ కాగితం మీద ఏం వేయాలో తేల్చుకోవడానికి పట్టే కాలం గురించి పెట్టె మీద ఎవరూ రాయరు. అంగుళానికి 600 చుక్కల చొప్పున ఏ4 కాగితాన్ని కొలిస్తే అడ్డంగా 4,960, నిలువునా 7,016. గుణిస్తే దాదాపు మూడున్నర కోట్ల చుక్కలు. ఒక్కో చుక్క ఉందా లేదా అన్నంతవరకే రాసుకున్నా నాలుగు మెగాబైట్లు దాటుతుంది. నా ప్రింటర్‌కున్న జ్ఞాపకశక్తి మొత్తం రెండు మెగాబైట్లు. పోనీ ఇంక్‌జెట్‌లాగా మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుందామా అంటే అదీ కుదరదు. లేజర్లో డ్రమ్ము తిరగడం మొదలైందంటే పేజీ అడుగుదాకా పోవాల్సిందే. అందుకని సరిపడా సరుకు చేతికందేదాకా అది కాగితం ముట్టదు.

అన్ని ప్రింటర్లూ ఇలా ఉండేవి కావు. 1977లోనే జిరాక్స్ 9700 సెకనుకు రెండు పేజీలు తీసేది. అదంటే భారీ యంత్రం, వదిలేయండి. 1985లో ఆపిల్ వాళ్లు లేజర్‌రైటర్ తెచ్చినప్పుడు అందులో పెట్టిన ప్రాసెసర్ వేగం 12 మెగాహెర్ట్జ్. దానికి పని పురమాయించే మాకింటాష్‌ది 8 లోపే. దొరకంటే గుమస్తా తెలివైనవాడన్నమాట. జీతం కూడా అలాగే ఉండేది, ఏడు వేల డాలర్ల దాకా. తర్వాత అందరికీ చవగ్గా అమ్మాలని ప్రింటర్లోంచి బుర్ర తీసేసి, ఆలోచించే పనంతా కంప్యూటర్ నెత్తిన పెట్టారు. నేను కొన్నది ఆ చవక రకం.

ఈ సంగతులన్నీ మా ఏఈ గారి ముందు చెల్లవు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరై మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారాయన. లోకంలోని సమస్త రుగ్మతలకూ ఆయన దగ్గర ఒకటే కారణం, వోల్టేజీ. ఫ్రిజ్ చల్లబడకపోతే వోల్టేజీ, లిఫ్ట్ ఆగితే వోల్టేజీ, అంతవరకూ ఒప్పుకోవచ్చు. మనవడికి లెక్కల్లో మార్కులు తగ్గితే ట్యూషన్ గదిలో ట్యూబులైటుకి వోల్టేజీ చాలట్లేదన్నారు. వాళ్లావిడ చేసిన గారెలు గట్టిపడితే మిక్సీకి వోల్టేజీ అందక పిండి నలగలేదన్నారు. ఒక ఇంట్లో శాంతిభద్రతలు కాపాడిన సిద్ధాంతం గనక దాన్ని నేను తక్కువ చేయను.

నా ప్రింటర్ గొడవ ఎవరు మోశారో, మల్టీమీటరు పట్టుకుని వచ్చేశారు.

“మాస్టారూ, ఇది ముమ్మాటికీ వోల్టేజీ.”

“దీపం బాగానే వెలుగుతోంది కదండీ, ఏఈ గారూ.”

“దీపానిదేముందండీ, అది దేనికైనా వెలుగుతుంది. లోడు పడ్డప్పుడు చూడాలి.”

లోడు పడింది. అంటే టోనర్ పొడిని కరిగించి కాగితానికి అంటించే ఫ్యూజర్ రెండు వందల డిగ్రీల దరిదాపులకు వేడెక్కడం మొదలుపెట్టింది. గదిలో లైటు ఒక్క క్షణం డిమ్మయి మళ్లీ వెలిగింది. పాతికేళ్ల సర్వీసులో ఆయన మొహం అంత వెలిగి ఉండదు. “చూశారా!” అన్నారు. పాత లేజర్ ప్రింటరున్న ప్రతి ఇంట్లోనూ అలాగే అవుతుందని చెప్పబోయాను. వినే స్థితిలో లేరు.

అప్పట్నుంచి రోజూ కాఫీ వేళకి రీడింగు తీయడానికి వస్తున్నారు. 228, 226, 229 అని ఒక నోటుపుస్తకంలో తారీఖులతో సహా ఎక్కిస్తున్నారు. ప్రింటర్ రెండో పేజీ ఇవ్వలేదు గానీ ఆయన పుస్తకంలో రెండో పేజీ నిండింది. ఒకరోజు యూపీఎస్‌కి తగిలించి చూద్దామన్నారు. ఫ్యూజర్ ఒక్కసారిగా లాగే కరెంటుకి ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లు తట్టుకోలేవు. ఆ సంగతి మా యూపీఎస్ స్వయంగా చెప్పింది, వీధి చివరిదాకా వినపడేట్టు. గ్యాసు లీకైందనుకుని వాచ్‌మన్ మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. “యూపీఎస్సే ఏడుస్తోందంటే వోల్టేజీ ఎంత అన్యాయంగా ఉందో ఆలోచించండి” అన్నారాయన, సాక్ష్యం చెప్పమన్నట్టు వాచ్‌మన్ వైపు కూడా చూస్తూ.

మర్నాడు ఒకప్పుడు టీవీకి వాడిన స్టెబిలైజర్ మోసుకొచ్చి పెట్టారు. అది నా బల్ల కింద ఉంది. కాళ్లు పెట్టుకోవడానికి వాటంగా ఉంది.

“ఏమండీ, ఆయన వస్తువు ఆయనకిచ్చేయండి. అది ఇక్కడున్నంతకాలం చూసి పోవడానికొస్తారు” అంది మా ఆవిడ.

ఇచ్చేస్తే, ఇచ్చేశాక ఎలా ఉందో చూసి పోవడానికొస్తారు. ఆ కాఫీ ఖర్చులో కొత్త ప్రింటర్ వచ్చేది.

అసలు పాపాల్లో ఒకటి మా బావమరిదిది. పెళ్లికార్డుల కవర్ల మీద అడ్రసులు వేసుకోవడానికొచ్చి, సెట్టింగుల్లో మందపు కాగితమని పెట్టి, పెళ్లి చేసుకుని వెళ్లిపోయాడు. మందపు కాగితానికి టోనర్ పట్టాలంటే నెమ్మదిగా నడవాలి కదా, పాపం ప్రింటర్ ఇంకా ఆ పెళ్లి మర్యాదలోనే ఉంది. మామూలు కాగితమని మార్చాను, నడక కొంచెం మెరుగైంది. ఇంకోటి మా పొలం వ్యవహారం చూసే ప్లీడరు గారిది. ఆయనకి మూడు సెట్లు కావాలి. సెట్లవారీగా పేర్చి ఇమ్మనే ‘కొలేట్’ దగ్గర టిక్కు ఉంటే, నా మతిమరుపు యంత్రానికి కంప్యూటర్ ఫైలంతా మూడుసార్లు మొదట్నుంచీ చెప్పుకురావాలి. టిక్కు తీసేస్తే ఒకే పేజీ మూడు కాపీలు గబగబా వచ్చి, ఆ తర్వాత తపస్సు.

ఆ తపస్సుకి కారణం పేజీలోనే ఉంది. అవి టైపు చేసిన కాగితాలు కావు. నాన్న పొలం పంపకాల దస్తావేజులు, పాస్‌బుక్కులు, అడంగల్ నకళ్లు, ఊళ్లో అక్కయ్య ఫోన్లో ఫొటోలు తీసి పంపింది. నా లేజర్ ప్రింటర్‌కి బూడిదరంగు తెలీదు, దాని దగ్గరున్నది నలుపొక్కటే. కాగితం మీద పడ్డ నీడను చూపించాలంటే పేజీ నిండా సన్నటి చుక్కలు చల్లాలి. ఖాళీ తెలుపైతే కుదించి క్లుప్తంగా చెప్పేయొచ్చు. నీడ అలా కుదరదు, చుక్కచుక్కా చెప్పాలి. అక్కయ్య సాయంకాలం వసారాలో కూర్చుని తీసింది. అన్నిట్లోనూ నీడే.

ప్రతి పేజీకీ కింద ఎడమ మూల ఆవిడ బొటనవేలు కూడా పడింది. కాగితం ఎగరకుండా నొక్కిపట్టుకుంది. ఒకప్పుడు ఇన్‌లాండ్ లెటర్ నిండిపోయాక అంటించే మడత మీద కూడా రాసేది, చింపితే ఆ వాక్యం సగం పోయేది. ఇప్పుడు ఫోన్లో పొలం సంగతి తప్ప వేరే మాటే లేదు. పంపాను చూడు, చూశాను, ప్లీడరేమన్నాడు, అంతే. తన దస్తూరీ చూసి ఏళ్లయింది. ఆ వేలి మీద గీతలు అంత లోతుగా ఎప్పుడు దిగాయో నాకు తెలీదు.

స్కానర్ యాప్‌లో నలుపు తెలుపు మోడ్ పెడితే నీడలన్నీ ఎగిరిపోయాయి. నీడలతోపాటు వేలూ చాలా పేజీల్లో చెరిగిపోయింది. పేజీలు వరసగా దిగడం మొదలెట్టాయి. మంచం మీద మూడు కుప్పలు వేసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ నేనూ మా ఆవిడా సెట్లు పేర్చాం. మధ్యలో ఏఈ గారు వచ్చి, స్టెబిలైజర్ పనిచేసిందని సంతోషించి, ఉక్కగా ఉందని ఫ్యాను వేశారు.

మళ్లీ పేర్చిన సెట్లు తీసుకెళ్లి ప్లీడరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన పై కాగితమొక్కటి ఎత్తి చూసి, “బాగా వచ్చాయండీ. వీటినోసారి స్కాన్ చేసి వాట్సాప్‌లో పెట్టేయండి, మా ఆఫీసు ప్రింటర్ మరీ నెమ్మది” అన్నారు. ఏఈ గారు పక్కన లేరు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే అక్కడే మీటరు తీసేవారు.