పాతపట్నం ఎండకు లొంగని సప్తసూత్రాలు

బెంగళూరు నుంచి బదిలీ మీద పాతపట్నంలో దిగారా? నౌపడా–గుణుపూర్ రైలు దిగి ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టగానే చొక్కా వీపుకు అంటుకుపోయిందా? కంగారు పడకండి. ఎండతో ఎలా మెలగాలో ఈ ఊరివాళ్లకు తెలియదు, నాకు తెలుసు. ఇక్కడ నాకు పదకొండు రోజుల అనుభవం ఉంది.

1. మొదటి రోజే తేల్చుకోండి. కొత్త ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుందట. మొదటి రోజు ఐదోవంతు పనే చేసి, రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోవాలట. అప్పుడు చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది అంటారు. చెమట పట్టడానికి కూడా ప్రొబేషనా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నిజమే. మనం రోళ్లమా?

2. మిట్టమధ్యాహ్నాన్ని వృథా చేయకండి. పొలం పనివాళ్లు తెల్లారకముందే వెళ్లి, ఎండెక్కేసరికి ఇంటికొచ్చేస్తారు. పన్నెండు దాటితే బజారు ఖాళీ, రోడ్డంతా మీదే. గొడుగు లేకుండా పర్లాకిమిడి దాకా నడిచి రండి, రాష్ట్రం దాటిన పుణ్యం కూడా దక్కుతుంది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. ఎండకు మాత్రం ఆ పంపకం సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

3. డిగ్రీల అంకె ఒక్కటే చూడండి. ఎండలకు పేరుమోసిన రెంటచింతల కంటే నాలుగు డిగ్రీలు తక్కువుంటే పండగ చేసుకోండి. ఉక్కపోత లెక్కలోకి రాదు. లీటరు చెమట ఆరితే ఒంట్లోంచి దాదాపు 580 కిలోక్యాలరీల వేడి పోతుందని పుస్తకాల్లో ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఊరికే కారుతుంది, వేడి ఒంట్లోనే ఉంటుంది అని కూడా ఉంది. ఆ రెండో వాక్యం చదవకండి, మనసు పాడవుతుంది.

4. పగలంతా కిటికీలు బార్లా తెరవండి. పొద్దెక్కగానే పక్కింటివాళ్లు తలుపులు మూసి, తడిపిన గోనెపట్టా కట్టుకుంటారు, చీకటి పడ్డాక తెరుస్తారు. మనం సరిగ్గా తిరగేసి చేయాలి. వడగాలి కూడా గాలే కదా.

5. తరవాణి ముట్టుకోకండి. పక్కింటి మామ్మ వంటింటి మూల మట్టికుండ ఉంటుంది. దాని మెడకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. అన్నంలో గంజీ నీళ్లూ పోసి రాత్రంతా పులియనిస్తుంది. పొద్దున్న మూత తీస్తే పుల్లటి వాసన వీధిదాకా వస్తుంది. ఉప్పేసి, ఉల్లిపాయ నలిపి, నిమ్మాకు తుంచి వేసి లోటా నింపుతుంది. చదువుకున్నవాళ్లు తాగే వస్తువేనా? ఐసు ముక్కలేసిన కూల్‌డ్రింకు, ఆ పైన స్ట్రాంగు కాఫీ కొట్టండి. లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలుపుకుంటే చాలని ఆరోగ్య కార్యకర్తలు చెబుతారు. అంత చవగ్గా వచ్చేది మందెలా అవుతుంది?

6. ఒంటి మాట వినకండి. తల పగిలిపోతుంటే నీళ్లు కాదు, నొప్పిబిళ్ల వేసుకోండి. ఒంట్లో నీళ్లు లేనప్పుడు ఆ బిళ్లలు కిడ్నీలకు చేటంటారు డాక్టర్లు. కిడ్నీ జబ్బుల ఉద్దానం ఉన్న జిల్లాలో ఆ మాట ఊరికే అనరు, అయినా మనం పైఊరివాళ్లం కదా. ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ, 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లు తడుపుతూ విసరాలంటారు. మాట తడబడుతుంటే నన్నడిగితే ఇంకాస్త గట్టిగా మాట్లాడమంటాను.

పై ఆరు సూత్రాలనూ నిన్న ఒకే మధ్యాహ్నం అమలు చేశాను. ఫలితం అద్భుతం. ప్రస్తుతం మామ్మగారి వీధరుగు మీద నులకమంచంలో వెల్లకిలా పడుకుని ఇది రాస్తున్నాను. మెడమీద తడి తువ్వాలు ఉంది. పక్కన ఉన్నది రెండో లోటా. దాన్ని తరవాణి అనకండి, పరిశోధన అనండి.

సప్తసూత్రాలని పేరు పెట్టాక ఆరుతో ఆపితే బాగుండదు. ఏడోది మీరు చెప్పండి మామ్మా అని అడిగాను. ఆవిడ కుండమీద మూత పెట్టి, వీధిలో ఎండవైపు చూసి, తలుపు దగ్గరకు వేసింది.

"ఎండ తగ్గినాక రా బావూ, సెప్తాను."