బంగారు పూత కింద ఇనుము: ఒక గేటు ఆత్మకథ

నన్ను చూసినవాళ్ల చూపు ముందు నా బంగారు పూత మీద పడుతుంది. లోపల నేను ఇనుమునే. లొరేన్ సీమలోని నాన్సీ నగరంలో జాన్ లామూర్ అనే పనివాడి కొలిమిలో పుట్టాను. నన్ను చేయించినవాడు ఈ సీమవాడు కాడు. రాజ్యం పోగొట్టుకున్న పోలెండు రాజు స్టానిస్లాస్ లెష్చిన్‌స్కీ.

ఆయన బతుకూ నాలాగే కాలి, దెబ్బలు తిని, వంగింది. 1704లో స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ అండతో సింహాసనమెక్కాడు. 1709లో పొల్తావా దగ్గర చార్లెస్ రష్యా చేతిలో ఓడిపోవడంతో ఆ అండా పోయింది, సింహాసనమూ పోయింది. పరాయి ఊళ్లలో తలదాచుకుంటుండగా, 1725లో కూతురు మరియాను ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ పెళ్లాడాడు. అల్లుడి బలంతో 1733లో మళ్లీ రాజుగా ఎన్నికయ్యాడు. ఈసారి రష్యా సేనలు తరిమాయి. మరుసటి ఏడాది ముట్టడిలో ఉన్న డాన్‌జిగ్ నుంచి రైతు వేషంలో తప్పించుకున్నాడు.

చివరికి పెద్ద రాజ్యాలు బేరం కుదుర్చుకున్నాయి: పోలెండును వదులుకుంటే బతికున్నంతకాలం లొరేన్ ఆయనది, ఆ తర్వాత ఫ్రాన్సుది. 1737లో లొరేన్ చేతికొచ్చింది కానీ ఏలుబడి పేరుకే. పాలనా, పన్నులూ ఫ్రాన్సు మనిషి లా గలేజియేర్ చేతిలో ఉన్నాయి. జనం పన్నుల కింద నలిగారు. రాజుకు దక్కింది ఏటేటా భరణం. దాంతోనే ఆయన కట్టడాలు లేపాడు. 1750లో గ్రంథాలయమూ పండిత పరిషత్తూ పెట్టాడు. నాన్సీలో పాత ఊరికీ కొత్త ఊరికీ నడుమ ఎమ్మాన్యుయేల్ ఎరే రూపుదిద్దిన కూడలిని 1755లో ప్రారంభించాడు. మూలల్లో నేనూ నా తోబుట్టువులూ, నడుమ అల్లుడి కంచు విగ్రహం.

1766 ఫిబ్రవరిలో లూనెవిల్ కోటలో చలిమంట ఆయన అంగీకి అంటుకుంది. ఆ కాలిన గాయాలతోనే 88 ఏళ్ల వయసులో పోయాడు. లొరేన్ ఫ్రాన్సులో కలిసింది. తర్వాత విప్లవం వచ్చి అల్లుడి విగ్రహాన్ని కూల్చింది. 1831లో అదే చోట మామ విగ్రహం లేచింది. కూడలికీ ఆయన పేరే స్థిరపడింది. 1983లో యునెస్కో మమ్మల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు ఊరి కుర్రాళ్లు ఈ కూడలిని ముద్దుగా ‘స్టాన్’ అంటారు. సందర్శకులు రాజుగారి అభిరుచిని మెచ్చుకుంటారు. మెచ్చుకోనివ్వండి, తగినవాడే. కానీ ఆయన భరణం ఈ సీమ రాబడికి బదులుగా వచ్చిందే. కాబట్టి నా బంగారంలో ఆనాటి రైతుల పన్నుకూ వాటా ఉంది. ఆ లెక్కన ఈ గేటు ఊరివాళ్లది.