బోలు బరమా

నేనూ బరమానే. కాకపోతే వడ్రంగి బరమాకు రంధ్రం ముఖ్యం, పొట్టు ఊదేస్తాడు. నా సంగతి తిరగేసి: రంధ్రం ఎవరికీ అక్కర్లేదు, లోపలి నుంచి వచ్చేదే కావాలి. అందుకే నన్ను బోలుగా చేశారు.

మనిషి గుండెల ఎత్తున చెట్టుకు ఆనించి, పిడి పట్టుకుని రెండు చేతులా తిప్పుతారు. పైన్ చెట్టయితే సులువుగా దిగుతాను. టేకుతో అలా కుదరదు. కేరళ కొండల్లో ఒక ముసలి టేకులో సగం దాకా వెళ్లి బిగుసుకుపోయాను. ఇద్దరు కలిసి వెనక్కి తిప్పితే గానీ ఊడిరాలేదు. దక్కింది అయిదు మిల్లీమీటర్ల లావు పుల్ల. చెట్టుకేం కాదంటారు గానీ, గాయం గాయమే.

ఆ పుల్లను గాడి తీసిన చెక్కలో అతికించి ఉప్పుకాగితంతో రుద్దితే గీతలు తేలతాయి. టేకు ఎండల్లో ఆకు రాల్చి నిద్రపోతుంది. చిగురేసే వేళ పెద్ద రంధ్రాల కర్ర వేస్తుంది, వానలు ముదిరాక గట్టి కర్ర. ఆ రెండూ కలిస్తే ఒక ఏడాది. మామిడిని అడిగితే ఇంత తేటగా చెప్పదు.

వాన తక్కువైన ఏడు గీత సన్నబడుతుంది. అలాగని సన్నబడిన ప్రతి గీతా కరువేనా? పురుగు ఆకంతా తినేసి ఉండొచ్చు. పక్క చెట్టు నీడ కమ్మి ఉండొచ్చు. ముసలితనం కావచ్చు. వానలు నడుమ ఆగి మళ్లీ పడితే ఒకే ఏట రెండు గీతలు గీసే మాయలాడి ఈ టేకు. అందుకే ఒక్క చెట్టు సాక్ష్యం చెల్లదు. చాలా చెట్ల పుల్లలు పక్కపక్కన పెట్టి, అన్నిట్లో సన్నగీతలు అవే ఏళ్లలో పడితేనే నమ్ముతారు. పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ వాళ్లు అలాగే కేరళ టేకుల నుంచి 1481–2003 దాకా 523 ఏళ్ల లెక్క కట్టి 2010లో ప్రచురించారు. ఎల్ నినో కరువులు అందులో సన్నగీతలుగా కనిపించాయి. మన వాతావరణ శాఖ పుట్టిందే 1875లో; అంతకు చాలా ముందరి వానల సంగతి చెట్లను అడగక తప్పదు.

నన్ను తిప్పిన వాళ్లలో ఒక తెలుగు కుర్రాడున్నాడు. వాళ్ల తాతమ్మ చెప్పిన ధాత కరువు, అంటే 1876, ఆ పుల్లలో చూడాలని ఉబలాటం. బెరడు నుంచి వెనక్కి, పదేళ్లకో పెన్సిల్ చుక్క పెడుతూ లెక్కపెట్టాడు. 1900 దగ్గర, శతాబ్దపు గుర్తుగా, మూడు చుక్కలు. 1890. 1884 దగ్గర పుల్ల అయిపోయింది.

నేను బిగుసుకున్నది అక్కడే. మిగతాది చెట్టులోనే ఉంది.