టెంప్ ఫ్లాగ్ మాహాత్మ్యం

ఎజైల్ టీములో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు అంటే పెళ్లింట్లో పెద్ద మేనమామ. ముహూర్తం పెట్టేటప్పుడు ఎవరూ అడగరు. తీరా మండపంలో కరెంటు పోతే మాత్రం "మావయ్యేడీ?" అని ఊరంతా గాలిస్తారు.

మాదాపూర్‌లోని మా ఆఫీసులో స్ప్రింటంటే రెండు వారాలు. మొదటి సోమవారం ప్లానింగు, రెండో శుక్రవారం డెమో. నేనొక బొమ్మ గీసి, ఏ డబ్బాలోంచి ఏ బాణం బయటికి రావాలో తేల్చుకునేలోపు టీము కోడు రాసేస్తుంది, డెమో ఇచ్చేస్తుంది, చప్పట్లు కొట్టించుకుంటుంది. ఆపైన రెట్రోలో "ఆర్కిటెక్చర్ రివ్యూ వల్ల ఆలస్యం" అని పసుపు చీటీ అంటించి బిర్యానీకి వెళ్లిపోతుంది.

దీనికి మూలం అమెరికాలో ఉంది. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే మంచుకొండల రిసార్టులో 17 మంది కూర్చుని ఎజైల్ మేనిఫెస్టో రాశారు. బారెడు డాక్యుమెంట్ల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్ మిన్న అన్నారు. డాక్యుమెంట్లకూ విలువ ఉందని ఆ కిందే రాశారు గానీ, స్ప్రింటు నడుస్తుంటే అంత కిందిదాకా చదివే తీరికెవరికి? దానికి తోడు 12 సూత్రాలు. మంచి ఆర్కిటెక్చర్లు తమను తామే నడుపుకునే టీముల్లోంచి పుట్టుకొస్తాయన్నది 11వది. దాన్ని మా మేనేజరు సరిగ్గా అప్రైజల్ నెలలో నాకు పంపారు. మంచి డిజైన్ మీద ఎడతెగని శ్రద్ధ పెట్టాలన్న 9వ సూత్రాన్ని నేను తిరుగుటపాలో పంపాను. బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది.

అలాగని మా ఆర్కిటెక్టులం పత్తిత్తులమేం కాదు. యాప్ వాడే నాథుడు పుట్టకముందే 30 మైక్రోసర్వీసులు గీసి గోడకెక్కించిన మహానుభావులున్నారు మాలో. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

అసలు ఆర్కిటెక్చర్ ఎక్కడ పుడుతుందో చూడాలంటే మా ఆర్డర్ల టేబుల్ తెరవాలి. అందులో 'టెంప్ ఫ్లాగ్' అని ఒక కాలమ్ ఉంది. పక్కన కోడులో "తాత్కాలికం, రిలీజ్ అయ్యాక తీసేయాలి" అని వ్యాఖ్య. రాసిన కుర్రాడు డాలస్ వెళ్లాడు, పెళ్లి చేసుకున్నాడు, ఇల్లు కొన్నాడు. ఫ్లాగ్ ఇక్కడే స్థిరపడింది. మొదట్లో అందులో సున్నా, ఒకటి మాత్రమే ఉండేవి. తర్వాత ఎవరో రెండు పెట్టారు, రిఫండ్ అని అర్థమట. తొమ్మిది అంటే కస్టమర్ నేరుగా డైరెక్టరుగారికి ఫోన్ చేశాడని. ఇప్పుడు బిల్లింగ్ దాన్ని చదువుతుంది, రిపోర్టులు చదువుతాయి, గోడౌన్ వాళ్ల స్క్రీను చదువుతుంది. తీసేద్దామంటే "అమ్మో, దాన్ని ముట్టుకోకండి సార్" అంటారు. నేను నెలల తరబడి చెక్కిన బొమ్మలకు ఏనాడూ దక్కని మర్యాద అది.

ఇక రెండు టీముల మధ్య వ్యవహారం. ఏ సంస్థ డిజైన్ చేసిన వ్యవస్థయినా ఆ సంస్థలో మనుషులు మాట్లాడుకునే తీరునే పోలి ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లోనే రాశారు. మా బిల్లింగ్ లీడుకీ ఆర్డర్ల లీడుకీ మాటల్లేవు. వాళ్ల సాఫ్ట్‌వేర్లకూ లేవు. రాత్రి అందరూ పడుకున్నాక ఒక ఫైలు చడీచప్పుడు లేకుండా అటునుంచి ఇటొచ్చేది. దీనికి నేను గొప్ప డిజైన్లే వేశాను. చివరికి పనిచేసింది మాత్రం ఇద్దరినీ కింద టీ బండి దగ్గరికి తీసుకెళ్లి, నేను ఫోనొచ్చినట్టు నటించి పక్కకు తప్పుకోవడం. తర్వాతి స్ప్రింటులో ఏపీఐ పుట్టింది. 11వ సూత్రం నిజమే కావచ్చు. అయితే టీ డబ్బులు ఎవరిస్తారో అందులో రాయలేదు.

అప్పట్నుంచి పెద్ద డాక్యుమెంట్లు మానేశాను. మైకేల్ నైగార్డ్ అనే ఆయన 2011లో చెప్పిన పద్ధతి పట్టుకున్నాను: ఒక్కో నిర్ణయానికి ఒకటి రెండు పేజీలు. అప్పటి పరిస్థితేమిటి, ఏం తీర్మానించాం, దాని పర్యవసానమేమిటి, అంతే. కోడు పక్కనే పెట్టాలి, ఎవరు తీర్మానిస్తే వాళ్లే రాయాలి. టీముకి నచ్చజెప్పడానికి నాకు చాలా టీలయ్యాయి.

మొన్న ఒక కొత్త కుర్రాడు రాసిన మొదటి పేజీ నా ముందుకొచ్చింది. పరిస్థితి: రేపు డెమో. తీర్మానం: ఇంకో కాలమ్ పెట్టాం. పర్యవసానం: సార్ చూస్తే అరుస్తారు.

మూడు భాగాలూ ఉన్నాయి, ఒక్క అబద్ధమూ లేదు. ఆమోదించాను.