చిట్టాకెక్కని గుండెపోటు

హృదయము రక్తమాంసమయమని మన పూర్వులు నమ్మిరి. అది కంప్యూటరులోని యొక గడి యని కనిపెట్టిన ఘనత ఆధునికులకు దక్కినది. ఎద బిగిసి, చెమటలు క్రమ్మి, ఎడమచేయి లాగి, నేలకొరిగినంతమాత్రమున ఎవనికిని గుండెపోటు సిద్ధింపదు. అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ పదవ కూర్పు ననుసరించి గుమాస్తా ‘ఐ21’ అని లిఖించినప్పుడే సిద్ధించును. ఆ గుమాస్తాయే, ఎన్నడో వచ్చి తగ్గిన పోటునకు వ్రాయవలసిన ‘ఐ25.2’ను విడిచి ఏమరుపాటున ఈ గుర్తునే వ్రాసెనేని, మానిన గాయము మరల పచ్చిదగును.

ఇట్టి గుర్తుల పునాదిపై మందుల మంచిచెడ్డలను నిర్ణయించు పరిశోధనాసౌధములు లేచుచున్నవి. ‘ఈ గుర్తు నమ్మదగినదేనా?’ యని యెవరైన సంశయించినచో, ‘ధ్రువీకరించితిమి’ అని సగర్వముగ ప్రత్యుత్తరము వచ్చును. ఆ ధ్రువీకరణవిధానము తరచుగ మిక్కిలి మనోహరము: చిట్టాకెక్కినవారి కేసుషీట్లను తీయించి, ఇ.సి.జి.ని, రక్తములోని ట్రోపోనిన్ ఫలితమును సరిచూచి, వీరికి వచ్చిన పోటు నిజమే యని తేల్చుదురు. చిట్టాకెక్కనివారి జోలికి పోరు. హాజరు పలికిన పిల్లలను మాత్రమే లెక్కించి, బడికి రానివాడొక్కడును లేడని మురిసిన పంతులుగారి పద్ధతి యిది.

చిత్రగుప్తునకు చిట్టా యొకటే గనుక చిక్కులేదు. ఇంగ్లాండునందు బ్రతికి బయటపడినవారికే మూడు చిట్టాలు: కుటుంబవైద్యునిది యొకటి, ఆసుపత్రిది యొకటి, గుండెపోట్లకై ప్రత్యేకించిన జాతీయ రిజిస్ట్రీ మూడవది. 2003 జనవరి మొదలు 2009 మార్చి వరకు గల ఈ చిట్టాలను ఒకదానితో నొకటి జతపరచి చూచిన పరిశోధన 2013లో బి.ఎం.జె. పత్రికయందు వెలువడినది. కుటుంబవైద్యుడు గుండెపోటని వ్రాయగా, రిజిస్ట్రీలోను నమోదైనవారిని పరిశీలించినప్పుడు, నూటికి 92 మంది విషయమున రిజిస్ట్రీ నిర్ధారణయు గుండెపోటే యని తేలినది. కరతాళధ్వనులు! అయితే ప్రాణాపాయము తప్పిన 17,964 మందిలో మూడు చిట్టాలయందును కానవచ్చినవారు 5,561 మంది, అనగా నూటికి 31. కుటుంబవైద్యుని చిట్టా నాలుగవవంతును, ఆసుపత్రి చిట్టా సుమారు మూడవవంతును, గుండెపోట్లకొరకే పుట్టిన రిజిస్ట్రీ దాదాపు సగమును జారవిడిచినవి. ఆ పరిశోధకులు రెండు సంగతులను దాచక చెప్పిరి. కాని చిట్టాభక్తుల నాలుకకు 92 అలవడినంత సులభముగ 31 అలవడదు.

న్యాయము పలుకవలెనన్న, రెండు మందులను పోల్చునప్పుడు, జారిపోయిన లెక్క ఇరువైపుల సమానమైనచో, ఆ 92తో పని జరుగును. దేశమున గుండెపోట్లెన్ని, ఆసుపత్రులలో మంచములెన్ని కావలెనని తేల్చవలసినచోటను అదే అంకెను జెండావలె ఊపుట మాత్రము శాస్త్రము కాదు, ఊరేగింపు. కావున ‘ధ్రువీకృతము’ అను బిరుదు చెవిన బడినప్పుడెల్ల పాఠకులు వినయముగ రెండే ప్రశ్నలు వేయుట మేలు: వ్రాసినవానిలో నిజమెంత? నిజమైనవానిలో వ్రాసినదెంత? మొదటిదానికి వెంటనే అంకె వచ్చును. రెండవదానికి దగ్గు వచ్చును.