కాగితం మీద గెలిచిన కనెక్షన్

ఇంటికి కొత్త బ్రాడ్‌బ్యాండ్ పెట్టించినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు. డబ్బు పోయిందన్న బాధ కాదు, పోయింది పెద్ద మొత్తమూ కాదు. నేను లెక్కల మాస్టరుగా రిటైరైనవాణ్ణి. ప్రశ్న సరిగ్గా చదవకుండా లెక్క మొదలెట్టిన పిల్లల్ని మందలించేవాణ్ణి. నా ఇంటి విషయంలో నేనూ సరిగ్గా ఆ పనే చేశాను. లెక్క తప్పలేదు, ప్రశ్నే తప్పింది. దాని ఫలితం అనుభవించింది మాత్రం నేను కాదు, నేను అప్ప అని పిలిచే మా అక్క.

2021 నాటి మాట. అంతకు కొన్నేళ్ల ముందు వరకూ మా శ్రీకాకుళంలో ఇంటికి నెట్ కావాలంటే ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. టెలిఫోన్ తీగ మీదే నెట్ వచ్చేది, వాన పడితే అదీ మూలిగేది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోన్ మూడూ అన్నారు. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ 699తో మొదలై, ఏడాది తిరిగేసరికి 399కి 30 ఎంబీపీఎస్ ఇస్తామంది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ 449 దగ్గర నిలబడింది. ఇంతలో కరోనా వచ్చి పిల్లల చదువులూ పెద్దల ఉద్యోగాలూ ఇళ్లలోకి చేరాయి. సూర్యమహల్ జంక్షన్ నుంచి అరసవల్లి దాకా ఏ వీధిలో చూసినా కరెంటు స్తంభాల మీద కొత్త నల్లతీగలు, గేట్లకు దోపిన రంగురంగుల కాగితాలు.

ఆ కాగితాలన్నీ పోగుచేశాను. లాంగ్ నోట్‌బుక్‌లో గళ్లు గీసి వేగం, అద్దె, డేటా పరిమితి, ఉచిత కాల్స్, టీవీ యాప్‌లు, బిగింపు ఖర్చు, అన్నీ పొందుపరిచాను. నేను చేసిన మంచి పనులు లేకపోలేదు. 399 అని రాసి ఉంటే అది 399 కాదని, 18 శాతం జీఎస్టీ కలిపితే 471 దగ్గరకు వస్తుందని పట్టుకున్నాను. ‘అన్‌లిమిటెడ్’ అన్నచోట చిన్న అక్షరాల్లో 3,300 జీబీ హద్దు ఉందనీ, అది దాటితే వేగం పడిపోతుందనీ చదివాను. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు నూరు మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి మన చేతికొచ్చేది పన్నెండున్నర మెగాబైట్లే. ఇదంతా మా ఆవిడకు ఎంతో ఉత్సాహంగా వివరించాను.

ఇంత తెలిసీ, అన్నిటికంటే వేగమున్న ప్యాకేజీకే మొగ్గాను. ఇంట్లో ఉండేది ఇద్దరం. బెంగళూరులో ఉన్న మా అమ్మాయితో వీడియోలో మాట్లాడతాం, రాత్రి ఒక సినిమా చూస్తాం. హెచ్‌డీ సినిమాకు ఐదు ఎంబీపీఎస్ చాలు. వీడియో కాల్‌కు అంతకంటే తక్కువైనా సరిపోతుంది. 30 ఎంబీపీఎస్ మాకు ఎక్కువే. మరి నేనెందుకు అంత పెద్దది తీసుకున్నాను? గళ్లలో పెద్ద అంకె కనబడింది. దాన్ని అద్దెతో భాగిస్తే ఒక్కో ఎంబీపీఎస్ చవగ్గా పడింది. మాకు అక్కరలేనిది ఎంత చవకైతే మాత్రం ఏం లాభం అని ఆలోచించలేదు. పైగా ఆరు నెలల అద్దె ముందే కట్టాను. రౌటర్ ముందు గదిలో బిగించారు. మాది పాతకాలపు ఇల్లు, గోడలు మందం. ఐదు గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ వేగమైనదే గానీ రెండు గోడలు దాటలేదు. వెనక గదిలో నేను కొన్న వేగంలో పదోవంతు కూడా అందలేదు.

అంతవరకైతే అది నా డబ్బుకు, నా తెలివికి సంబంధించిన తప్పు. అసలు తప్పు ఫోన్ దగ్గర జరిగింది.

ప్యాకేజీతో పాటు ఫోన్ ఉచితం, దేశమంతటికీ కాల్స్ ఉచితం. కొత్త నంబరు, కొత్త తెల్ల బాక్సు. దాని వెనక ఉన్న చిన్న రంధ్రంలో మన పాత ఫోన్ తీగే గుచ్చుకోవచ్చు. అప్పుడు పాత ల్యాండ్‌లైన్‌కు నెలనెలా అద్దె దండగనిపించింది. వెళ్లి సరెండర్ చేసి, డిపాజిట్ వెనక్కి తెచ్చుకున్నాను. మొబైల్ నంబరైతే కంపెనీ మారినా వెంట వస్తుంది, 2011 నుంచి ఆ సదుపాయం ఉంది. ల్యాండ్‌లైన్‌కు అది లేదు. 08942తో మొదలయ్యే ఆ నంబరు అలా నా చేతులతోనే పోయింది.

అది పోతే ఏం పోతుందో నాకు తెలిసి ఉండాల్సింది. పాత రాగి తీగ ఫోనుకు కరెంటు మన ఇంటి నుంచి రాదు, ఎక్స్‌చేంజిలోని బ్యాటరీల నుంచి అదే తీగ మీద 48 వోల్టులు వస్తాయి. ఊరంతా చీకటైనా అది మోగుతుంది. ఫైబర్‌లో నడిచేది వెలుతురు, అది కరెంటు మోయదు. ఇంట్లో కరెంటు పోతే బాక్సు ఆగుతుంది, బాక్సు ఆగితే ఫోనూ ఆగుతుంది. ఈ సంగతి కాగితాల మీద లేదు. కాగితం మీద లేనిదానికి నా నోట్‌బుక్‌లో గడి గీయలేదు.

2021 సెప్టెంబరు 26, ఆదివారం సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మా అప్పది గార మండలంలోని ఒక ఊరు. బావ పోయాక ఒక్కతే ఉంటోంది, కొడుకు మిలిటరీలో ఉన్నాడు. ఆమెకు కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే, మా పాత ల్యాండ్‌లైన్. నంబరు మారిందని చెప్పాను, కొత్తది ఆమె ఫోనులో వేసి ఇచ్చాను కూడా. భయం పట్టుకున్న రాత్రి మనిషి ఫోనులో వెతకదు, వేలికి అలవాటైన అంకెలే నొక్కుతుంది. ఆ నంబరు లేదు. పక్కింటి అబ్బాయి కొత్త నంబరు నొక్కిచ్చేసరికి మా వీధిలో కరెంటు పోయింది, తెల్ల బాక్సు ఆరిపోయింది. నా మొబైల్‌కు సిగ్నల్ లేదు. గాలికి ఆమె ఇంటి పెంకులు లేచిపోతుంటే ఇరుగుపొరుగు వాళ్లే స్కూలు భవనానికి తీసుకెళ్లారు. వాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

మర్నాడు నేను వెళ్లేసరికి తడిసిన బియ్యం ఆరబోస్తోంది. ‘ఏట్రా తమ్ముడూ, ఫోనెత్తనేదు?’ అని అడిగింది. అందులో కోపం లేదు. జవాబు మాత్రం నా దగ్గర లేదు.

పాత లైన్ ఉంటే ఆ రాత్రి తప్పక మోగేదని నేను వాదించను. గాలివానకు రాగి తీగలూ తెగుతాయి. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తిత్లీ తుపాన్లు స్తంభాల్ని ఎలా కూల్చాయో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ స్తంభాల మీదే ఇవాళ మన ఫైబర్ వేలాడుతోంది. స్తంభం పడి తీగ తెగితే స్తంభాన్ని మళ్లీ నిలబెట్టడంతో సరిపోదు, తీగ లోపలి గాజు పోగుల్ని ఒక్కొక్కటిగా అతకాలి. తుపాను రాత్రి ఇంట్లో ఏది పనిచేస్తుంది అన్న ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు, అందుకే సిగ్గుపడుతున్నాను. ఏటా ఆశ్వయుజ, కార్తీకాల్లో గాలివానను చూసే తీరంలో పుట్టి, ఏ తీరమూ ఎరగనివాళ్లు అచ్చువేసిన కాగితంతో కనెక్షన్‌ను కొలిచాను.

ఆ తర్వాత వేగం తగ్గించి చిన్న ప్యాకేజీకి మారాను. మిగిలిన డబ్బుతో బాక్సుకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొన్నాను. కరెంటు పోయినా కొన్ని గంటలు బాక్సు వెలుగుతుంది, వీధి తీగ బాగున్నంతసేపూ ఫోన్ మోగుతుంది. నాదీ మా ఆవిడదీ వేర్వేరు కంపెనీల సిమ్‌లు చేశాం. అప్పకు మా నంబర్లు గోడ మీద పెద్ద అంకెల్లో రాసిపెట్టాను.

మీ ముందు కూడా ఇప్పుడు అలాంటి కాగితాలు ఉండవచ్చు. ధరలు పోల్చండి, అది మీ హక్కు. దానికి ముందు మాత్రం మీ వీధి కేబుల్ కుర్రాణ్ణి పిలిచి, తీగ ఎక్కడి నుంచి వస్తోంది, తెగితే ఎవరొస్తారు, కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది అని అడగండి. పాత నంబరు వదులుకునే ముందు, దాన్ని కంఠతా పట్టినవాళ్లు ఎవరెవరున్నారో గుర్తు తెచ్చుకోండి. ఆ పేర్లలో ఒక్కటి ముసలివాళ్లదైనా, ఆ నంబరుకు కట్టే అద్దె దండగ కాదు.