దూప వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలం: “అన్నా, దూపైతున్నది. సీసల నీళ్లున్నయా?”

అవతారిక: గోదావరిఖని ఓపెన్‌కాస్టు గనిలో, రోహిణి కార్తెలో, మొదటి షిఫ్టు సగము గడచిన పిదప ఒక డంపరు ఆపరేటరు పలికిన వాక్యమిది.

టీక: అన్నా = ఓ తోటి కార్మికుడా (వయసున చిన్నవాడైనను నీళ్లు గలవాడు అన్నయే); దూప = దప్పి; ఐతున్నది = కలుగుచున్నది; సీసల = సీసాయందు; నీళ్లు = జలములు; ఉన్నయా = కలవా? క్యాంటీను ప్రతులలో ‘చాయ్ ఉన్నదా’ అని పాఠాంతరము. చెమటతో పోయిన ఉప్పును చాయ్ తేలేదు గనుక గ్రాహ్యము కాదు.

తాత్పర్యం: వక్త ఇప్పటికే ఆలస్యము చేసినాడు. దప్పి తెలియుసరికే ఒంటిలో నీరు కొంత తరిగియుండును. వివేకి మూత్రము రంగు చూచుకొనును. లేతపసుపైన క్షేమము, డికాషన్ వలె ముదిరినను, షిఫ్టంతయు రాకున్నను నీరు చాలలేదు. తలనొప్పి, కళ్లు తిరుగుట, పిక్కలు పట్టుట తరువాతి సర్గలు. మాట తడబడి ఒళ్లు కాలిపోవుచున్నచో వ్యాఖ్యానము కట్టిపెట్టి, మనిషిని నీడకు చేర్చి, ఒళ్లు తడిపి విసరుచు అంబులెన్సు పిలువవలెను. స్పృహ సరిగా లేనివాని నోట నీరు పోయరాదు.

ప్రమాణం: 1952 గనుల చట్టము 19వ సెక్షను చల్లని మంచినీరు ఇమ్మన్నది. 1955 నియమావళి మనిషికి కనీసము 2 లీటర్లని కొలత వేసినది. ‘కనీసము’ను ఒత్తి చదువవలెను; మండుటెండలో ఒళ్లు వంచి పనిచేయువానికి గంటకు లీటరు చెమట పోగలదు. వేసవిలో సింగరేణి పంచు మజ్జిగ ప్యాకెటు ఈ సూత్రమునకు వార్తికము. ఓఆర్ఎస్ సంగతి వేరు: 20.5 గ్రాముల పొడికి లీటరు నీరు లెక్క. ఆ పొడినంతయు గ్లాసెడు నీటిలో కలుపుట ఛందోభంగము.

ఆక్షేపం: సీసా నిండుగా నుండియు త్రాగరేల? బద్ధకమని కొందరు. మాకు సమ్మతము కాదు. త్రాగినవాడు దిగవలె; 100 టన్నుల డంపరు నిచ్చెన దిగి, మరుగు వెదకి, మరల ఎక్కవలె. అంతలో షావలు దగ్గర వరుస తప్పును, ట్రిప్పుల లెక్క తగ్గును. అందుచేత దప్పిని మ్రింగుటయే తెలివి యనిపించును. కావున మూలవాక్యమునకు ముందు “దిగనిస్తరా?” అను ప్రశ్న అధ్యాహార్యము.